కథ మారినా ఫర్వాలేదు, ఓడ మారకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పేట్రిక్ ఓబ్రయన్ సముద్ర నవల 'ది ఫార్ సైడ్ ఆఫ్ ది వరల్డ్' చదివారు. తర్వాత దాని మీద పీటర్ వియర్ 2003లో తీసిన 'మాస్టర్ అండ్ కమాండర్' చూశారు. శత్రువు మారాడు, సంవత్సరం మారింది, క్లైమాక్స్ అయితే నవలలో లేనే లేదు. అయినా ఆ నవలల వీరాభిమానులు సినిమాను నెత్తిన పెట్టుకుంటారు. ఇన్ని మార్చినా ఎలా చెల్లింది? మీరే ఒక పాత సముద్ర నవలను పెద్ద తెరకు రాయాలంటే ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి?

ముందు నా లెక్క చెప్పేస్తాను. ఇలాంటి నవలల్లో కథ చాలావరకు ఒక సాకు. ఎవరో ఎవరినో తరుముతారు, లేదా ఎక్కడికో పోతారు, అంతే. చదివేవాడు వందల పేజీలు ఓపిక పట్టేది ఓడ కోసం: అక్కడి పని, ఇరుకు, హోదాలు, ఒకడి తప్పుకు ఇంకొకడు మూల్యం కట్టే పద్ధతి. వియర్ ఆ ఓడను ముట్టుకోలేదు. మిగతాదంతా నిర్మొహమాటంగా మార్చేశాడు. సినిమా నిలబడింది అందుకే. స్క్రిప్టు పనిలో కొన్నేళ్లు, తర్వాత విజువల్ ఎఫెక్ట్స్ వైపు కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

మొదట మార్పుల సంగతి. నవల 1812లో మొదలైన అమెరికా, బ్రిటన్ యుద్ధకాలానిది. పసిఫిక్‌లో బ్రిటిష్ తిమింగలాల వేట ఓడలను పట్టుకుంటున్న నార్‌ఫోక్ అనే అమెరికన్ యుద్ధనౌకను కెప్టెన్ జాక్ ఆబ్రీ వెంటాడతాడు. దీని వెనక నిజంగా జరిగిన సంగతి ఉంది. అమెరికన్ ఓడ ఎసెక్స్ 1813లో కేప్ హార్న్ చుట్టి వెళ్లి, గలాపగోస్ దీవుల చుట్టుపక్కల బ్రిటిష్ వేట ఓడలను వరసగా పట్టుకుంది. చివరికి 1814 మార్చిలో చిలీలోని వల్పరైసో దగ్గర బ్రిటిష్ నౌకాదళానికి చిక్కింది. సినిమా ఈ కాలాన్ని వెనక్కి జరిపి 1805 చేసింది. శత్రువు ఫ్రెంచి వాళ్లయ్యారు, ఓడ పేరు అకెరాన్ అయింది. అమెరికా డబ్బుతో, ముందుగా అమెరికా థియేటర్ల కోసం తీసే సినిమాలో హీరో అమెరికన్లనే తరుముతుంటే టికెట్లు తెగుతాయా? ఇది వ్యాపార నిర్ణయమని ఎవరికైనా అర్థమవుతుంది. తమాషా ఏమిటంటే అకెరాన్ బోస్టన్‌లో కట్టిన ఓడ అని మాత్రం కథలో ఉంచారు. దళసరి చెక్కతో, 44 ఫిరంగులతో ఆ కాలపు అమెరికన్ ఓడలు ఎలా ఉండేవో అలాగే ఉంటుంది. అంటే జెండా మారింది, ఎదుటివాడి బలం మారలేదు. ఆబ్రీ ఓడ సర్‌ప్రైజ్‌కు ఉన్నవి 28 ఫిరంగులు. చిన్న ఓడ పెద్ద ఓడను తరుముతోందన్న లెక్క చెడకపోతే జెండా ఎవరిదైనా కథ నడుస్తుంది.

క్లైమాక్స్ సంగతి ఇంకా పెద్దది. నవలలో ఆ అమెరికన్ ఓడతో ఆఖరి పోరాటమే లేదు. అది ఒక దీవి దగ్గర పగడపు దిబ్బ మీద పగిలి ఉంటుంది. దానికి ముందు ఓడ డాక్టర్ మాటూరిన్ రాత్రిపూట ఓడ కిటికీలోంచి సముద్రంలో పడిపోవడం, అతని కోసం కెప్టెన్ దూకడం, ఇద్దరినీ పాలినేషియా ఆడవాళ్లు తమ పడవలోకి ఎక్కించుకోవడం లాంటి వింత మలుపు కూడా ఉంది. పుస్తకంలో అది హాయిగా చదివిస్తుంది. సినిమాలో గంటన్నర దాటాక కొత్త మనుషులు, కొత్త భాష, కొత్త పడవ వస్తే హాల్లో జనం ఫోన్లు తీస్తారు. దాన్ని తీసేయడం సరైన పనే. అన్ని కోట్లు పెట్టి రెండు ఓడలు చూపించి, చివర్లో ఒకటి దానంతటదే పగిలిపోయిందని చెబితే నిర్మాత గుండె కూడా పగులుతుంది, కాబట్టి పోరాటాన్ని కల్పించారు.

అయితే అది గాల్లోంచి ఊడిపడలేదు. ఆబ్రీ, మాటూరిన్‌ల మీద ఓబ్రయన్ వరసగా రాసిన 20 పూర్తి నవలల్లో ఎక్కడెక్కడివో ముక్కలు ఏరి తెచ్చి కుట్టారు. రాత్రి చీకట్లో తెప్ప మీద దీపం వదిలి శత్రువును పక్కదారి పట్టించే ఎత్తు మొదటి నవలలోది. డాక్టర్ అద్దం పెట్టుకుని తన ఒంట్లోంచి తానే గుండు తీసుకునే ఘట్టం మూడో నవలలోది. అక్కడ ఆ గాయం కలకత్తాలో ఒక ద్వంద్వయుద్ధంలో తగులుతుంది. సినిమాలో ఓడ మీద ఒక సైనికాధికారి ఆల్బట్రాస్ పక్షిని కాల్చబోతే గురి తప్పి తగులుతుంది. గాయం అదే, కారణం వేరు. ఓడ దాటి ఎక్కడికీ పోకుండా, ఇంకో పాత్రను తేకుండా పని అయిపోయింది. మీ నవలలో మంచి ఘట్టం ఉండి దాని కారణం మాత్రం ఎక్కడో ఊళ్లో ఉంటే, ఆ కారణాన్ని ఓడ మీదికి తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సిన చోటికి వద్దాం. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది హాలమ్ అనే పాత్రను మార్చిన తీరు.

నవలలో హాలమ్ వయసు మీరినా ప్రమోషన్ రాని జూనియర్. ఓడ మీద ఫిరంగుల బాధ్యత చూసే గన్నర్ హార్నర్ తన భార్యతో ప్రయాణం చేస్తుంటాడు. ఆమెకూ హాలమ్‌కూ సంబంధం కలుస్తుంది. అది బయటపడి, ఒక దీవిలో దిగినప్పుడు గన్నర్ ఇద్దరినీ చంపేస్తాడు. తర్వాత అతనూ ఉరి వేసుకుంటాడు. మసాలా కథ. మన దగ్గర ఏ నిర్మాతకు వినిపించినా "ఇదే కదా మనకు కావాల్సింది" అంటాడు. వియర్, అతనితో కలిసి స్క్రిప్టు రాసిన జాన్ కొలీ ఆ ఆడమనిషిని, గన్నర్‌ను, సంబంధాన్ని, హత్యను మొత్తం పీకేసి, హాలమ్‌ను ఒక్కణ్ణే మిగుల్చుకున్నారు. ఈ సినిమాలో ఆడపాత్ర అన్నదే దాదాపు లేదు. బ్రెజిల్ తీరంలో సామాన్లు అమ్మడానికి వచ్చిన పడవలో ఒకామె కొన్ని క్షణాలు కనిపిస్తుంది, అంతే.

మిగిలిన హాలమ్‌తో ఏం చేశారో చూడండి. సినిమా మొదట్లోనే పొగమంచు. కాపలాలో ఉన్న హాలమ్‌కు దూరంగా ఏదో కనిపించినట్టు అనిపిస్తుంది. చెప్పాలా వద్దా తేల్చుకోలేడు. అతనికన్నా చిన్నవాడైన కాలమీ ఇక ఆగలేక, అందరినీ యుద్ధానికి సిద్ధం చేయమంటాడు. మరుక్షణం పొగమంచులోంచి ఫిరంగుల వెలుగు. యాక్షన్ సీన్‌కు ముందొచ్చే టెన్షన్‌గానే దీన్ని చూస్తాం. నిజానికి అక్కడ ఒక మనిషి బలహీనత నమోదైపోయింది, మనం గమనించలేదు.

తర్వాత కేప్ హార్న్ తుఫాను. వార్లీ అనే నావికుడు తెరచాప కొయ్య మీద ఇరుక్కుని సాయం కోసం కేక వేస్తాడు. హాలమ్ తాళ్లు పట్టుకుని గడ్డకట్టినట్టు ఉండిపోతాడు. కొయ్య విరిగి వార్లీతో సహా నీళ్లలో పడుతుంది. ఆ విరిగిన కొయ్య, తాళ్లు ఓడను వెనక్కి లాగేస్తున్నాయి. నరక్కపోతే ఓడ మునుగుతుంది. నరికితే దాన్ని పట్టుకుని ఈదుతున్న వార్లీ పోతాడు. కెప్టెన్ గొడ్డలి అందుకుంటాడు. పక్కనే గొడ్డలి వేసేవాడు నేగల్, వార్లీకి ప్రాణ స్నేహితుడు.

ఆ తర్వాత గాలి పడిపోతుంది. రోజుల తరబడి ఓడ కదలదు, తాగే నీళ్లు తగ్గిపోతుంటాయి. హాలమ్‌ది శని పాదమని నావికులు తేల్చేస్తారు. ఓడ మీదికి తుఫాను తెచ్చిన ప్రవక్త కథ బైబిల్లో ఉంది కదా, అలాంటి యోనా వీడే అంటారు. మన సినిమావాళ్ల మాటలో ఐరన్ లెగ్. ఒకరోజు డెక్ మీద నేగల్ వందనం చేయకుండా హాలమ్‌ను భుజంతో గుద్దుకుంటూ వెళ్లిపోతాడు. క్రమశిక్షణ తప్పితే కొరడా దెబ్బలే. కెప్టెన్‌కు వేరే దారి లేదు. తుఫానులో తన పక్కన నిలబడి గొడ్డలి వేసినవాణ్ణే కొట్టిస్తాడు. ఆ రాత్రి హాలమ్ కుర్రాడు బ్లేక్నీ దగ్గర సెలవు తీసుకుని, ఫిరంగి గుండు చేతుల్లో పట్టుకుని సముద్రంలోకి అడుగు వేస్తాడు. అతని కోసం ప్రార్థన చేస్తుండగానే గాలి లేస్తుంది.

పొగమంచు, తుఫాను, గాలి లేకపోవడం. ఇవి సముద్రం చేసే మూడు పనులు. మూడిట్లోనూ ఒకే మనిషి పరీక్ష రాసి తప్పాడు. ఇందులో విలన్ లేడు, ప్రేమకథ లేదు, ఓడ మీద లేనిదేదీ లేదు. గాలి లేచింది హాలమ్ చావు వల్లేనా అంటే సినిమా సమాధానం చెప్పదు, అందుకే అది రోజుల తరబడి మనసులో మెదులుతుంది. నవలలో ఉన్న హత్యను తీస్తే కథ చప్పబడుతుందని భయపడేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కెప్టెన్, డాక్టర్ స్నేహం గురించి మీరు వేరేగా అడిగారు. ఆ నవలల్లో డాక్టర్ మాటూరిన్ గూఢచారి కూడా. సినిమాలో ఆ ఊసే లేదు. ప్రకృతి శాస్త్రవేత్తగా అతని పిచ్చి ఒక్కటే ఉంచారు. గలాపగోస్‌లో దిగనిస్తానని కెప్టెన్ మాట ఇస్తాడు, శత్రువు జాడ తెలియగానే మాట తప్పుతాడు. తర్వాత స్నేహితుడి ప్రాణం కోసం వేట ఆపి వెనక్కి వస్తాడు. అప్పుడు డాక్టర్ తను పోగుచేసిన జీవులన్నీ వదిలేసి, దీవి అవతలి ఒడ్డున శత్రువు ఓడ కనబడిందని చెప్పడానికి పరుగెడతాడు. ఒకసారి ఇతను వదులుకున్నాడు, ఒకసారి అతను. తన చుట్టూ ఉన్న కొమ్మలా కనిపించి తప్పించుకునే పురుగును డాక్టర్ చూపిస్తే, దాన్ని చూసి కెప్టెన్‌కు ఓడను తిమింగలాల వేట ఓడలా మారువేషం వేయాలన్న ఆలోచన వస్తుంది. కాస్త చక్కగా అమరిపోయిందనే నా ఫిర్యాదు. కానీ డాక్టర్ చదువుకు ఆ గొడవలో ఒక ఉపయోగం దొరికింది కదా అని క్షమించేస్తాను.

ఓడ భాష విషయంలో చాలామంది కొత్త రచయితలు కంగారుపడతారు. జనానికి అర్థం కాదేమోనని ప్రతి తాడుకూ ఒక వివరణ రాస్తారు. అక్కర్లేదు. ఒకడు అరిచాడు, నలుగురు పరుగెత్తారు, తెరచాప దిగింది. అరిచిన మాటకు అర్థం అదే. ఓబ్రయన్ కూడా డాక్టర్‌ను ఓడ సంగతులు బొత్తిగా తెలియనివాడిగా పెట్టుకుని, నిజంగా అవసరమైన చోట అతనితో అడిగించాడు. మీకూ అలాంటివాడు ఒక్కడుంటే చాలు.

ఇక తీయడం. సర్‌ప్రైజ్‌గా కనిపించేది 1970లో కెనడాలోని లునెన్‌బర్గ్‌లో కట్టిన రోజ్ అనే ఓడ. 18వ శతాబ్దపు బ్రిటిష్ నౌకకు నకలు. స్టూడియో దాన్ని కొనేసింది. ఇప్పుడది శాన్ డియాగో నౌకా మ్యూజియంలో ఉంది. అది కాక అదే కొలతల్లో ఇంకో ఓడ కట్టి, మెక్సికోలోని రోసరీటోలో 'టైటానిక్' కోసం తవ్విన పెద్ద నీళ్ల ట్యాంకులో యంత్రాల మీద నిలబెట్టి ఊపారు. దూరపు షాట్లకు న్యూజిలాండ్‌లోని వెటా వర్క్‌షాప్ చేసిన చిన్న నమూనాలు. తుఫానులో అలలు మాత్రం నిజమైనవి. కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్‌కు నకలైన ఓడ ఒకటి కేప్ హార్న్ చుట్టి వెళ్తుంటే కెమెరామన్‌ను ఎక్కించి, అక్కడి సముద్రాన్ని చిత్రీకరించి, ట్యాంకులో ఊగుతున్న ఓడ వెనక ఆ నీళ్లను అతికించారు. ఎఫెక్ట్స్ పని తెలిసినవాళ్లు దీన్ని చూసి ముచ్చటపడతారు. కంప్యూటర్‌లో నీళ్లు చేయడం అప్పట్లో ఇంకా కష్టం, ఇప్పటికీ చవక కాదు. అల ఎత్తు, నురగ పరిమాణం, ఓడ బరువు ఒకదానికొకటి సరిపోకపోతే చూసేవాడికి కారణం తెలియదు గానీ "ఏదో బొమ్మలా ఉందే" అనిపిస్తుంది.

శబ్దం గురించి రాయకుండా ఉండలేను. ఈ సినిమాకు వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి ఛాయాగ్రహణానికి, రెండోది సౌండ్ ఎడిటింగ్‌కు. సౌండ్ చూసిన రిచర్డ్ కింగ్ పాత తరహా ఫిరంగులు నిజంగా పేల్చి రికార్డు చేశారు. తెరచాప తాళ్ల మధ్య గాలి ఊళ కోసం ఒక ట్రక్కు మీద చట్రం బిగించి, దాని నిండా తాళ్లు కట్టి, ఎడారిలో ఎదురుగాలికి తోలారు. మీరు రాసేటప్పుడే శబ్దం రాసుకోండి. కింది అంతస్తులో ఉన్నవాడికి యుద్ధం కనబడదు, వినబడుతుంది. నెత్తి మీద ఫిరంగి చక్రాలు దొర్లుతున్న చప్పుడు, చెక్క పగిలే చప్పుడు, తర్వాత అరుపు. డాక్టర్ బల్ల దగ్గర నిలబెట్టి ఒక యుద్ధం మొత్తం రాయొచ్చు, ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఖర్చంటే గుర్తొచ్చింది. 1954లో డిస్నీ 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' తీసినప్పుడు పెద్ద స్క్విడ్‌తో పోరాటాన్ని మొదట ప్రశాంతమైన సముద్రం మీద, ఎర్రటి సూర్యాస్తమయంలో తీశారు. తీగలు కనబడ్డాయి, బొమ్మ బొమ్మలాగే ఉంది. మళ్లీ డబ్బు పోసి రాత్రి, తుఫానులో తీశారు. వాన, చీకటి, అల కలిసి లోపాలు దాచేశాయి, సీన్‌కు ఊపూ వచ్చింది. స్క్రిప్టులో ముందే "రాత్రి, తుఫాను" అని రాసి ఉంటే ఒకసారి ఖర్చుతో పోయేది.

మెల్‌విల్ తిమింగలం వేట నవల 'మోబీ డిక్' గురించి కూడా అడిగారు. 1930లో జాన్ బ్యారీమోర్‌తో తీసిన సినిమాలో కెప్టెన్ ఆహాబ్‌కు ప్రియురాల్ని పెట్టారు. అతను తిమింగలాన్ని చంపి ఇంటికి తిరిగొచ్చి ఆమెను చేరుకుంటాడు. చెప్పడానికేమీ లేదు. 1956లో జాన్ హ్యూస్టన్, రే బ్రాడ్‌బరీ రాసుకున్నది చూడండి. నవలలో ఫెదల్లా అనే పార్సీ వేటగాడు ఉంటాడు. మూడో రోజు వేటలో అతని శవం తాళ్లతో తిమింగలానికి చుట్టుకుని కనబడుతుంది. సినిమాలో ఫెదల్లాను తీసేసి, ఆ తాళ్లలో ఆహాబ్‌నే చుట్టేశారు. చచ్చిన ఆహాబ్ చెయ్యి తిమింగలం కదిలినప్పుడల్లా ఊగుతూ రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. అంతవరకూ ఈ వేట తప్పు అని వాదించిన, ఆహాబ్ తర్వాతి అధికారి స్టార్‌బక్కే అప్పుడు మనుషుల్ని ముందుకు నడిపిస్తాడు. ఒక పాత్ర పోయింది, అతని చావు ఇంకొకరికి వచ్చింది, నవల భయం మొత్తం ఒక్క చేతిలోకి చేరింది. ఇలాంటి దొంగతనం నేర్చుకోవాలి.

మీ కోసం కాకపోయినా నిర్మాత కోసం ఒక మాట చెప్పాలి. 'మాస్టర్ అండ్ కమాండర్' కు సుమారు 15 కోట్ల డాలర్లు అయింది, ప్రపంచమంతా కలిపి సుమారు 21 కోట్లు వసూలు చేసింది. అదే ఏడాది వచ్చిన మొదటి 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' 65 కోట్లు దాటింది. పది ఆస్కార్ నామినేషన్లు వచ్చినా రెండో భాగం రాలేదు. మన హైదరాబాద్‌కు దీనికి దగ్గర చుట్టరికం ఉన్న ఉదంతం 'లైఫ్ ఆఫ్ పై'. దాని ఎఫెక్ట్స్‌లో ఇక్కడి రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో పిల్లలు కూడా పనిచేశారు. 2013లో ఆ సినిమా ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకునే నాటికే మాతృ సంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. నీళ్ల సినిమా రాసేవాడు ఈ లెక్కలు తెలిసి రాయాలి. ప్రతి సీన్ పక్కన ఎంత సముద్రం కనబడాలో రాసుకోండి. చాలా సీన్లకు కిటికీలోంచి కనబడేంత చాలు.

రాయడానికి కూర్చునే ముందు ఓడ పటం గీయండి. కెప్టెన్ ఎక్కడ నిలబడతాడు, అక్కడికి ఎవరు రాకూడదు, నావికులు ఎక్కడ పడుకుంటారు, నీళ్ల పీపాలు ఎక్కడున్నాయి. ఆ కాలపు బ్రిటిష్ యుద్ధనౌకలో ఒక నావికుడి ఊయల పడకకు కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు. నాలుగు గంటల చొప్పున కాపలా వంతులు, అరగంటకోసారి గంట. ఇవి మీ గోడ మీద ఉంటే రెండు పాత్రలు రహస్యంగా మాట్లాడుకోవాలన్నప్పుడు "ఎక్కడ?" అన్న ప్రశ్న మీకే వస్తుంది. జవాబు వెతుకుతుంటే సీన్ దానంతటదే పుడుతుంది.

ఓబ్రయన్ నవలల జోలికి మాత్రం పోకండి. ఆయన 2000లో చనిపోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. మెల్‌విల్ 'మోబీ డిక్' 1851 నాటిది, ఆ చిక్కు లేదు. అందులో 133 నుంచి 135 వరకున్న మూడు అధ్యాయాలు, అంటే ఆఖరి మూడు రోజుల వేట, సాధనకు తీసుకోండి. కథ చెప్పే నావికుడు ఇష్మాయిల్ ప్రతి సీన్‌లో ఎక్కడున్నాడో రాయండి. మూడో రోజు అతను ఆహాబ్ పడవలోనే ఉన్నాడని మెల్‌విల్ చివరి పేజీ దాకా చెప్పడు. మీకు ఆ వీలు లేదు, కెమెరా పెట్టగానే అతను కనబడిపోతాడు. ఏం చేస్తారో రాసి పంపండి, చూస్తాను.